సొంత మానిటర్ తెచ్చుకుని చీకటిని పగలు చేసుకుంటే అది చీటింగ్ కాదా?

అలిపిరి_స్కోప్
మొన్న తిరుపతిలో ఒక గేమింగ్ కేఫ్‌లో సీఎస్2 (కౌంటర్‌స్ట్రైక్ 2, రెండు టీమ్‌లు కాల్చుకునే ఆట) టోర్నీ ఆడాం. సెమీస్‌లో మ్యాప్ మిరాజ్. అవతలి టీమ్‌లో ఒకడు ఇంటి నుంచి సొంత మానిటర్ మోసుకొచ్చాడు. కూర్చోగానే దాని బటన్లు నొక్కి, చీకటి భాగాలను వెలుగు చేసే బ్లాక్ ఈక్వలైజర్ బాగా పైకి పెట్టాడు. తర్వాత గ్రాఫిక్స్ కార్డుతో వచ్చే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రంగులు చిక్కగా చేసే డిజిటల్ వైబ్రెన్స్ 50 నుంచి 100కి లాగాడు. మ్యాచ్ అయ్యాక వాడి కుర్చీ వెనక నిలబడి చూశాను. అండర్‌పాస్‌లో మాకు నల్లగా కనబడే మూల వాడి స్క్రీన్ మీద ఇటుకలతో సహా కనబడుతోంది. మావాడు ఆ మూలలో కదలకుండా కూర్చుంటే వాడు దిగీ దిగగానే తలకే కొట్టాడు. అప్పుడు అర్థం కాలేదు, స్క్రీన్ చూశాక అర్థమైంది.

టోర్నీ పెట్టినాయన్ని అడిగితే "గేమ్ ఫైలు ముట్టుకోలేదు కదా, తప్పేముంది" అన్నాడు. అదే మనిషి రీషేడ్ (గేమ్ బొమ్మ రంగులు మార్చే ప్రోగ్రామ్) పెడితే డిస్‌క్వాలిఫై అని గోడ మీద కాగితం అంటించాడు. రెండూ చేసేది ఒకటే పని అయినప్పుడు ఒకటి చీటింగ్, ఇంకొకటి సెట్టింగ్ ఎలా అవుతుంది? మీరేమంటారు?

రేణిగుంట_రష్
చీటింగే. ఇంకో మాట లేదు.

తోతాపురి_కింగ్
ఏంప్పా, మానిటర్ బటన్ నొక్కితే చీటింగా? అట్లయితే మంచి హెడ్‌సెట్ చీటింగే, 240 హెర్ట్జ్ చీటింగే. వైబ్రెన్స్ అయితే ప్రో ప్లేయర్లు ఏళ్లుగా వాడుతున్నారు. సీఎస్2కు ముందు సీఎస్‌గో రోజుల్లో వైబ్రెన్స్‌జీయూఐ అని చిన్న ప్రోగ్రామ్ ఉండేది, గేమ్ తెరవగానే రంగులు పెంచేది, మూయగానే మామూలు చేసేది. సగం మంది వాడారు, ఎవరూ ఏమీ అనలేదు. 4:3 బొమ్మను స్క్రీన్ నిండా సాగదీసే స్ట్రెచ్ పెడితే మనుషులు వెడల్పుగా కనబడతారు, దాన్ని కూడా ఆపేద్దామా?

అయినా మీవాడు ఎప్పుడూ అదే మూలలో కూర్చుంటే బ్లాక్ ఈక్వలైజర్ లేకుండా కూడా కొడతారు సామీ.

అలిపిరి_స్కోప్
కింగ్ అన్నా, రంగుల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. స్ట్రెచ్ పెట్టుకున్నవాడు పక్కల చూపు కొంత వదులుకుంటాడు, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటున్నాడు, పైగా 4:3 గేమ్ మెనూలోనే ఉంది, నేనూ పెట్టుకోవచ్చు. ఈ నలుపు తేలిపోయేలా చేయడం అలా కాదు. వాడు ఏమీ వదులుకోలేదు. నేను ఆ కేఫ్ మానిటర్‌తో ఏం చేసినా ఆ మూల నాకు అలా కనబడదు.

పలమనేరు_పింగ్
ముందు ఇది చెప్పండి, సర్వర్ ఏది? చెన్నై అయితే మనకు పింగ్ బాగుంటుంది, ముంబై అయితే చీకటి కనబడ్డా కనబడకపోయినా చావే.

రేణిగుంట_రష్
లాన్ టోర్నీ రా నాయనా, అన్ని పీసీలూ ఒకే గదిలో ఉన్నాయి. పింగ్ ఎందుకొచ్చింది మధ్యలో.

నెట్‌సెంటర్_మావ
ఈ గొడవ మీ తరానిది కాదు, మా కాలం నుంచీ ఉంది. లీలామహల్ వైపు నేను నెట్ సెంటర్ నడిపినప్పుడు కాలేజీ పిల్లలు సాయంత్రం వచ్చి పాత కౌంటర్‌స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లు. ఒక బ్యాచ్ ఎప్పుడూ గెలిచేది. గోడ అవతల ఎవడున్నాడో వాళ్లకు ముందే తెలిసేది. ఒకరోజు ఒక కుర్రాడు టీ తాగడానికి లేచినప్పుడు వాడి స్క్రీన్ చూశాను. డస్ట్2 మ్యాప్‌లో తలుపు మధ్యలోంచి పొడుగాటి కడ్డీ ఒకటి బయటికి పొడుచుకొచ్చి, అటూ ఇటూ కదులుతోంది. అవతల మనిషి నడుస్తున్నాడన్నమాట. స్పైక్ మోడల్ అనేవాళ్లు దాన్ని. ప్లేయర్ బొమ్మ ఫైలు తీసేసి, అన్ని వైపులా ముళ్లు తగిలించిన ఇంకో బొమ్మ ఫైలు పెట్టుకోవడం. గోడ వెనక దాక్కున్నా ముల్లు కొస ఇవతలికి వచ్చేస్తుంది.

ఆ కుర్రాడు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తు: "స్కిన్ మార్చానంతే మావా, హ్యాక్ ఏమీ వేయలేదు" అని. నిజమే, హ్యాక్ అనే ప్రోగ్రామ్ ఏదీ లేదు. బొమ్మ మార్చాడు, అంతే. కానీ అది చీటింగ్ కాదని మీలో ఎవరైనా అంటారా? తర్వాత సర్వర్‌లో ఎంపీ_కన్సిస్టెన్సీ 1 పెట్టాను, ఫైళ్లు తేడాగా ఉన్నవాళ్లను అదే బయటికి నెట్టేది. వారం పాటు ఆ బ్యాచ్ మొహం చూపించలేదు.

2001లో అయితే ఆసుస్ కంపెనీ గోడలు పారదర్శకంగా చూపించే ఆప్షన్‌ను నేరుగా గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనే ఇచ్చింది. సీత్రూ అని పేరు. కార్డు కొంటే గోడలోంచి చూపు ఉచితం. ప్రపంచమంతా తిట్టింది. అది కూడా డ్రైవర్ సెట్టింగే, గేమ్ ఫైలు ముట్టుకోలేదు. కాబట్టి "ఫైలు ముట్టుకోలేదు" అనే మాట నాకు చాలదు.

పలమనేరు_పింగ్
మావా, కరెంటు పోతే మిగిలిన నిమిషాలు తిరిగిచ్చేవారా?

నెట్‌సెంటర్_మావ
యూపీఎస్ ఉండేది నాయనా. నీలాంటి వాళ్ల కోసమే పెట్టాను.

స్వర్ణముఖి
మావ చివర్లో చెప్పిన మాటే అసలు విషయం. "ఫైలు ముట్టుకోలేదు" అన్నది న్యాయం గురించి పుట్టిన రూలు కాదు, యాంటీ చీట్ (చీటర్లను పట్టే ప్రోగ్రామ్) వాళ్ల పని సులువు కావడానికి పుట్టిన రూలు.

రీషేడ్ ఎలా పనిచేస్తుందో చూడండి. గేమ్ నడుస్తున్నప్పుడు దాని లోపలికి ఒక డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్ ముక్క ఉన్న ఫైలు) దూరుతుంది. ఫ్రేమ్ స్క్రీన్ మీదికి వెళ్లే ముందు పట్టుకుని రంగు మారుస్తుంది. గోడ వెనక మనుషుల్ని చూపించే వాల్‌హ్యాక్ కూడా తరచుగా ఇదే దారిలో వస్తుంది. యాంటీ చీట్‌కు లోపలికి వచ్చినవాడు రంగులేయడానికి వచ్చాడా, దొంగతనానికి వచ్చాడా తెలియదు. అందుకని తలుపే మూసేస్తుంది. సీఎస్‌గోలో 2020లో వచ్చిన ట్రస్టెడ్ మోడ్ చేసింది ఇదే.

ఇందులో మంచివాళ్లు కూడా ఇరుక్కుంటారు. 2023 అక్టోబర్‌లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఏఎండీ, క్లిక్‌కూ బొమ్మకూ మధ్య ఆలస్యం తగ్గించే తన యాంటీ ల్యాగ్ ప్లస్ ఫీచర్‌ను సీఎస్2కు కూడా ఇచ్చింది. అది కూడా గేమ్ డీఎల్‌ఎల్ పనిలో వేలు పెట్టడంతో అక్కడ ఆన్ చేసినవాళ్లకు వ్యాక్ (వాల్వ్ కంపెనీ యాంటీ చీట్) బ్యాన్లు పడ్డాయి. ఏఎండీ ఆ డ్రైవర్ వెనక్కి తీసుకుంది, గేమ్ తీసిన వాల్వ్ బ్యాన్లు ఎత్తేసింది. వాళ్లెవరూ చీటర్లు కాదు.

ఇంకో పక్క పబ్జీ పీసీలో రీషేడ్‌ను ఆపేశారు, అదే పని చేసే ఎన్విడియా ఫ్రీస్టైల్ ఫిల్టర్లను మాత్రం ఒప్పుకున్నారు. ఆల్ట్ ఎఫ్3 నొక్కితే గేమ్ మీదే షార్ప్‌నెస్, షాడోస్, కాంట్రాస్ట్ అన్నీ జరుపుకోవచ్చు. పొదలో పడుకున్నవాడు రెండింటిలోనూ ఒకేలా బయటపడతాడు. తేడా ఏమిటంటే ఒకటి కంపెనీ దగ్గరి నుంచి సంతకంతో వచ్చింది. స్కోప్ అడిగిన ప్రశ్నకు యాంటీ చీట్ దగ్గర జవాబు లేదు, అది మనమే చెప్పుకోవాలి.

తోతాపురి_కింగ్
అక్కా అంతా బాగా చెప్పావు కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. స్పైక్ మోడల్ గోడ వెనక ఉన్నవాడిని చూపిస్తుంది. అది చీటింగ్, ఒప్పుకుంటా. బ్లాక్ ఈక్వలైజర్ గోడ వెనక ఏమీ చూపించదు. కళ్ల ముందు ఉన్నదే చూపిస్తుంది. ఆ మూలలో ఉన్న మనిషి నీ మానిటర్ మీద కూడా ఉన్నాడు, నీకు సరిగ్గా కనబడలేదు, అంతే. రెండూ ఒకే గాటన కడితే ఎట్ల?

స్వర్ణముఖి
నేను ఒకే గాటన కట్టలేదు. నా లెక్కలో కూడా ఆ గీత ముఖ్యం. రీషేడ్ వాళ్లు కూడా ఆ గీత దగ్గరే ఆగారు. మామూలు వెర్షన్‌లో నెట్‌వర్క్ గేమ్ నడుస్తోందని తెలియగానే డెప్త్ బఫర్ వాడకం ఆపేస్తుంది. డెప్త్ అంటే ఏ వస్తువు ఎంత దూరంలో ఉందన్న లెక్క. అది చేతికొస్తే దూరంగా ఉన్న మనిషికి గీత గీయొచ్చు, పొగమంచు తీసేయొచ్చు. రంగు మార్చడం వేరు, గేమ్ నీకివ్వని సమాచారం తీసుకోవడం వేరు.

కానీ చీకటి మాత్రం ఈ రెంటి మధ్యలో ఉంది. మ్యాప్ చేసినవాళ్లు ఆ మూలను కావాలనే చీకటిగా ఉంచితే? అప్పుడు ఆ చీకటి కూడా గోడ లాంటిదే కదా.

కట్టమంచి_క్యాంపర్
చిత్తూరులో మా ఫ్రెండ్స్ కోసం ఒక చిన్న మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుపుతున్నాను. మాకు ఈ గీత రోజూ తగులుతుంది. సోడియం (గేమ్ వేగం పెంచేది), షేడర్లు (వెలుగునీడలు అందంగా చేసేవి), గామా (వెలుగు) పెంచుకోవడం, అన్నీ ఓకే అన్నాను. గామా పెంచితే గుహలో టార్చ్ లేకుండా తిరగొచ్చు, అది కొంచెం అన్యాయమే, అయినా వదిలేశాను, ఎందుకంటే ఎవరు వాడుతున్నారో నేను చూడలేను.

ఎక్స్‌రే ప్యాక్ మాత్రం వద్దన్నాను. అది కూడా చూడ్డానికి ఉత్త టెక్స్చర్ ప్యాకే. రాయి బొమ్మ తీసేసి పారదర్శకం చేస్తారు, వజ్రాలు గాల్లో వేలాడుతూ కనబడతాయి. దాన్ని పట్టుకోవడం మాత్రం సులువు. సొరంగం చూస్తే చాలు. మామూలుగా తవ్వేవాడి సొరంగం తిన్నగా పోతుంది, ఎక్కడో అదృష్టం కొద్దీ వజ్రం తగులుతుంది. మా సర్వర్‌లో ఒక కుర్రాడి సొరంగం తిన్నగా పోయి, ఏ కారణమూ లేకుండా కుడికి తిరిగి, నాలుగు బ్లాకులు పోయి, అక్కడ గుంట. మళ్లీ వెనక్కి వచ్చి, ఈసారి కిందికి, అక్కడ ఇంకో గుంట. ప్రతి గుంటా వజ్రం తీసినదే.

వాడితో వాదించలేదు. సర్వర్ పేపర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, అందులో యాంటీ ఎక్స్‌రే ఉంది, ఆన్ చేశాను. రెండో మోడ్‌లో రాయి లోపల ఎక్కడపడితే అక్కడ దొంగ ఖనిజాలు పంపిస్తుంది. ఎక్స్‌రే పెట్టినవాడికి ప్రపంచమంతా వజ్రాలే కనబడతాయి, ఏది నిజమో తెలియదు. నీ మెషీన్‌కు అసలు రానిదాన్ని ఏ ఫిల్టరూ చూపించలేదు.

స్వర్ణముఖి
వాలరెంట్ అనే ఇంకో షూటింగ్ ఆటలో ఫాగ్ ఆఫ్ వార్ అని చేసింది కూడా ఇదే పద్ధతి. శత్రువు కనబడబోయే క్షణం దాకా వాడు ఎక్కడున్నాడో సర్వర్ నీకు పంపదు. వాల్‌హ్యాక్ పెట్టినా గోడ వెనక చూపించడానికి ఏమీ ఉండదు. గోడలకు మందు దొరికింది. చీకటికి, గడ్డికి మాత్రం ఆ మందు పనిచేయదు, ఎందుకంటే అక్కడ మనిషి నిజంగానే నీ స్క్రీన్‌లో ఉంటాడు.

పుత్తూరు_కట్టు
గడ్డి అన్నారు కాబట్టి బీజీఎంఐ (మన దేశపు ఫోన్ పబ్జీ) మాట కూడా చెప్పుకోవాలి. మన ఊళ్లలో పీసీ ఉన్నవాళ్లు ఎంతమంది? ఫోన్‌లో ఆడేవాళ్లే శానా మంది. అక్కడ గ్రాఫిక్స్ స్మూత్, స్టైల్ కలర్‌ఫుల్ పెట్టుకోనివాడు లేడు. అందం కోసం కాదు, మనుషులు తేలిగ్గా కనబడాలని. అది మెనూలో ఉంది కాబట్టి గొడవ లేదు.

గొడవంతా ఐప్యాడ్ వ్యూ దగ్గర. ఐప్యాడ్ స్క్రీన్ 4:3, మన ఫోన్లు పొడుగు. ఐప్యాడ్‌లో ఆడేవాడికి పైనా కిందా ఎక్కువ కనబడుతుంది. కాంపౌండ్ గోడ చాటున నక్కి ఉంటే వాడికి నేను కనబడతా, నాకు వాడు కనబడడు. సరే, వాడికి డబ్బుంది, కొనుక్కున్నాడు. అదే వ్యూ కోసం ఆండ్రాయిడ్‌లో టూల్ వేసుకుని ఫైలు మార్చినవాడికి బ్యాన్. మా వీధిలో ఒక పిల్లోడికి ఐడీ పోయింది, వాడి స్కిన్లన్నీ పోయాయి, తిండి మానేసి ఏడ్చాడు. టూల్ వాడటం తప్పే, నేను కాదనను. కానీ కనబడే బొమ్మ ఒకటే. 60 వేలు పెట్టి కొంటే ఆట, ఉచితంగా తెచ్చుకుంటే నేరం. స్కోప్ తమ్ముడికి మండింది కూడా దీనికే అనుకుంటా.

అలిపిరి_స్కోప్
సరిగ్గా ఇదే అన్నా. ఆ మానిటర్ ధర చూశాను. మా టీమ్‌లో ఎవరి పీసీ మొత్తం కలిపినా అంత కాదు. ఊళ్లో జరిగే టోర్నీకి ఎంట్రీ ఫీజు కూడా తలా కొంత వేసుకుని కట్టాం.

తోతాపురి_కింగ్
డబ్బున్నవాడికి ఎక్కువ దొరకడం ఆటలోనే కాదు, అన్నిచోట్లా ఉంది. క్రికెట్‌లో మంచి బ్యాట్ కొనుక్కున్నవాడిని ఔట్ ఇస్తామా? దాన్ని చీటింగ్ అని పిలిస్తే నిజమైన చీటర్ల మీద కోపం పలచబడిపోతుంది. గురి తనంతట పెట్టే ఎయిమ్‌బాట్ వేసినవాడూ, మానిటర్ కొన్నవాడూ ఒకటేనా? నా బాధ అది.

నెట్‌సెంటర్_మావ
కింగ్, బ్యాట్‌కు కూడా కొలతలు ఉన్నాయి నాయనా. ఇంత వెడల్పు దాటకూడదని రూలు ఉంది. ఏది కొన్నా చెల్లుతుందని ఎవరూ అనలేదు. 2024 జనవరిలో ఎంఎస్‌ఐ ఒక మానిటర్ చూపించింది, అది లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట ఆడుతుంటే మూలలోని మినీమ్యాప్ చదివి, శత్రువు ఏ వైపు నుంచి వస్తున్నాడో స్క్రీన్ అంచున గుర్తు వేస్తుంది. మానిటర్ సొంతంగా చేసే పని, గేమ్‌కు తెలియను కూడా తెలియదు. అది కూడా కొనుక్కున్నదే కాబట్టి సరే అంటావా?

తోతాపురి_కింగ్
అది వద్దు. అది మన బదులు చూసి చెబుతోంది. బ్లాక్ ఈక్వలైజర్ కళ్ల ముందున్నది చూపిస్తుంది, చెప్పదు. నేను అక్కడే నిలబడతా మావా.

రంగుపురుగు
ఇంతసేపు చదివి ఊరుకున్నాను. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు, పుట్టినప్పటి నుంచీ అంతే. మా మేనమామకు కూడా ఉంది. గడ్డిలో ఎర్ర రంగు గుర్తు పెడితే మీకు కళ్లకు కొట్టినట్టు కనబడుతుందట, నాకు రెండూ ఒకే మట్టి రంగు. వాలరెంట్‌లో శత్రువు అంచు పసుపు చేసుకునే ఆప్షన్ వచ్చాక హాయిగా ఆడుతున్నాను. అన్ని గేముల్లో అది లేదు. లేని చోట విండోస్‌లో ఉన్న కలర్ ఫిల్టర్ వేసుకుంటాను.

ఒక కేఫ్‌లో నా స్క్రీన్ చూసి పక్కవాడు "ఫిల్టర్ రా, చీటర్ రా" అని గట్టిగా అరిచాడు. ఆటల మధ్యలో అందరూ లేచి నా వెనక నిలబడ్డారు. నా కళ్ల సంగతి అక్కడ, అందరి ముందు చెప్పాల్సి వచ్చింది. రేణిగుంట_రష్ మొదట్లోనే ఇంకో మాట లేదు అన్నాడు. ఉంది. ఫిల్టర్లన్నీ చీటింగ్ అని గోడ మీద కాగితం అంటిస్తే నాలాంటి వాళ్లు ఆ కేఫ్ మెట్లు ఎక్కరు.

రేణిగుంట_రష్
నేను అన్నది ఆ మానిటర్ గురించి. మీలాంటి అవసరం ఉన్నవాళ్లను ఎవరూ ఏమీ అనకూడదు, ఆ అరిచినవాడిని ముందు బయటికి పంపాలి. కానీ ఒక మాట: పసుపు అంచు మామూలు కళ్లున్నవాళ్లు కూడా పెట్టుకుంటున్నారు, ఎరుపు కంటే బాగా కనబడుతుందని.

రంగుపురుగు
పెట్టుకోనివ్వండి. అందరికీ మెనూలో ఉంది కదా, నాకేం నష్టం లేదు. అందరికీ ఇచ్చేస్తే నన్ను వేలెత్తి చూపేవాడు ఉండడు.

బ్రాకెట్_బాబు
తిరుపతిలో, చంద్రగిరిలో చిన్న టోర్నీలు పెడుతుంటాను. (స్కోప్ ఆడినది నాది కాదు.) పెట్టేవాళ్ల వైపు కష్టం కూడా వినండి. వైబ్రెన్స్, మానిటర్ సెట్టింగ్ స్క్రీన్‌షాట్‌లో పడవు. మ్యాచ్ రికార్డింగ్‌లో కనబడవు. నేను ప్రతి కుర్చీ వెనకా నిలబడలేను. పట్టుకోలేని దానికి రూలు పెడితే, పట్టుబడినవాడు దొంగ, మిగతావాళ్లు దొరలు. అందుకే ఆయన ఫైళ్ల దగ్గర ఆగిపోయి ఉంటాడు.

అయితే సొంత మానిటర్ మాత్రం కంటికి కనబడే వస్తువు. దాన్ని ఆపొచ్చు. మౌస్, కీబోర్డ్, హెడ్‌సెట్ మీవి, స్క్రీన్ మాత్రం కేఫ్‌ది. ఒకే మోడల్ ఉన్న వరసలోనే రెండు టీమ్‌లనూ కూర్చోబెట్టొచ్చు. మ్యాచ్‌కు ముందు మానిటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అర నిమిషం పట్టదు.

తోతాపురి_కింగ్
ఇది నాకు ఓకే. చీటింగ్ అని పేరు పెట్టకుండా, ఈ టోర్నీలో అందరికీ ఒకటే స్క్రీన్ అంటే ఎవరికీ అవమానం లేదు. చిత్తూరు నుంచి బస్సులో మానిటర్ ఒళ్లో పెట్టుకుని వచ్చే బాధ కూడా తప్పుతుంది.

పలమనేరు_పింగ్
కండక్టర్ దానికి కూడా టికెట్ కొడతాడు.

కట్టమంచి_క్యాంపర్
వైబ్రెన్స్ సంగతి?

బ్రాకెట్_బాబు
వదిలేస్తాను. అన్ని పీసీల్లోనూ ఒకే కార్డు ఉంటే అందరూ పెట్టుకోవచ్చు. గేమ్ మెనూలో ఉన్నవన్నీ సరే. లోపలికి దూరేవి ఏవీ వద్దు, వాటిని ఎలాగూ గేమే ఆపుతుంది. విండోస్ కలర్ ఫిల్టర్ అవసరమైనవాళ్లు ముందే చెబితే చాలు.

అలిపిరి_స్కోప్
ఇలా రాసి పెడితే మేము ఓడిపోయినా మాట్లాడం. మొన్నటి ఫలితం మార్చమని నేను అడగడం లేదు, వచ్చేసారి ఆ మూల ఇద్దరికీ ఒకేలా కనబడాలి, అంతే.

రంగుపురుగు
బాబు గారూ, "ముందే చెప్పాలి" అన్నది అందరి ముందు కాకుండా రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక గడిగా పెట్టండి. టిక్ పెట్టి ఊరుకుంటాం. కారణం అడగొద్దు.

బ్రాకెట్_బాబు
తప్పకుండా. ఫారం ఈ రాత్రికే మార్చేస్తాను.

నెట్‌సెంటర్_మావ
తేదీ మాత్రం గంగమ్మ జాతర వారంలో పెట్టొద్దు. తాతయ్యగుంట చుట్టుపక్కల దారులన్నీ నిండిపోతాయి, పిల్లలు టైముకు రాలేరు.

బ్రాకెట్_బాబు
జాతర అయ్యాకే మావా. మే నెలాఖరు. వాలరెంట్ పెట్టాలా, సీఎస్2 పెట్టాలా అన్నది ఇక్కడే చెప్పండి.

రేణిగుంట_రష్
సీఎస్2.

పుత్తూరు_కట్టు
బీజీఎంఐ కూడా ఒకటి పెట్టండి, ఐప్యాడ్లు లేకుండా.